విశ్వవిద్యాలయం కొండెక్కాలి



ఆచార్య జి. రాంరెడ్డి గారి స్మారకార్థం మాట్లాడమన్నారు. ఆయన జీవితం ఈ సభకు కొత్త కాదు. మన ప్రాంతపు ఉన్నత విద్య చరిత్రలో 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టడం, 1972లో అక్కడ కరస్పాండెన్స్ కోర్సులు మొదలవడం మీకు తెలిసినవే, వాటి దగ్గర ఆగను. నేను ఏళ్ళ తరబడి కాగితాలు తిరగేసింది 1982 గురించి.

ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో అదే మొదటిది, దానికి రాంరెడ్డి గారే తొలి ఉపకులపతి. ఆయన చేసినవాటిలో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పని అర్హతా పరీక్ష. పదో తరగతి కాగితం లేకపోయినా, వయసు నిండి ఆ పరీక్ష గట్టెక్కినవాళ్ళు డిగ్రీలో చేరగలిగేవారు. బడి మధ్యలో మాన్పించి పెళ్ళి చేసిన అమ్మాయినీ, కాఫీ తోటలో కూలికి వెళ్ళే మనిషినీ "ఇన్నాళ్ళూ ఏం చేశావు?" అని నిలదీయని పద్ధతి అది. పాఠాలు తెలుగులో అచ్చయ్యాయి. సెలవు రోజున ఖాళీగా ఉండే ప్రభుత్వ కళాశాల గదులే తరగతులయ్యాయి.

ఇక్కడ కొందరు విద్యా చరిత్రకారులతో నాకు పాత తగవు. ఇదంతా 1969లో బ్రిటన్‌లో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీకి నకలంటారు. నమూనా అక్కడిదే, కాదనను. కానీ చదువే మనిషి దగ్గరికి నడవాలన్న ఆలోచన ఈ కొండలకు కొత్తా? గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. రాంరెడ్డి గారు ఆయన్ని చూసి నేర్చుకున్నారని నేననడం లేదు. ఈ గడ్డ మీద చదువు చరిత్ర రాసేవాళ్ళు లండన్ వైపు చూసినంతసేపు పర్లాకిమిడి వైపూ చూడాలంటున్నాను. ప్రమాణాలు పడిపోయాయనే వాళ్ళకూ ఒక మాట. సడలించింది ప్రవేశాన్నే. డిగ్రీ చివరి పరీక్ష అందరికీ ఒక్కటే.

అయితే గిడుగు వారి దారిలో సార్వత్రిక విశ్వవిద్యాలయం సగమే నడిచింది. కాగితం అడగలేదు గానీ, ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే విద్యార్థికి పుస్తకాల తెలుగూ పరాయిదేనన్న సంగతి పట్టించుకోలేదు. ప్రయాణం సంగతీ అంతే. కిరండూల్ పాసింజరు పొద్దున విశాఖ నుంచి పైకొస్తుంది, సాయంత్రం కిందికి దిగుతుంది. అరకు చూసిపోయే పట్నంవాళ్ళకు అది సరిగ్గా సరిపోతుంది. విశాఖలో పరీక్ష రాయాల్సిన కొండ విద్యార్థి ఆ బండిని నమ్ముకుంటే ముందురోజే దిగి, రాత్రికి ఎక్కడో తలదాచుకోవాలి. చంటిబిడ్డ తల్లికి ఇది అయ్యే పనేనా?

టైమైందని చీటీ వచ్చింది, త్వరగా చెబుతాను. 1985లో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) వచ్చింది, దానికీ రాంరెడ్డి గారే తొలి ఉపకులపతి. 1991లో మన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టారు. 2014లో రాష్ట్రం విడిపోయింది, దాని కేంద్ర కార్యాలయం హైదరాబాదులో ఉండిపోయింది. 2019 చట్టంతో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది, తరగతులు విజయనగరం దగ్గర కొండకరకంలో మొదలయ్యాయి. 2022లో పాడేరు కొత్త జిల్లాకు కేంద్రమైంది.

ఆ గిరిజన విశ్వవిద్యాలయాన్ని నేను అడిగేది ఇది: పాడేరు, అరకు, చింతపల్లిలో ఆదివారం తరగతులు పెట్టండి, పరీక్షలూ అక్కడే జరపండి. మొదటి ఏడాది పాఠం వివరించడానికి కువి, ఆదివాసీ ఒడియా తెలిసినవాళ్ళను నియమించండి. అలాంటివాళ్ళు ఈ సభలోనే కూర్చుని ఉన్నారు.