సూర్యునితో నడక – ఒక్క దినపు విహారము

సెలవు దినము వచ్చుచున్నదనగా ఇంటిల్లిపాదికిని ఉత్సాహము కలుగును. ఎచటికి పోవలెను, ఏమి చూడవలెను, ఏమి తినవలెను అను ముచ్చట ముందటి రాత్రి భోజనముల వేళనే మొదలగును. పిల్లలొక పేరు చెప్పుదురు, పెద్దలొక పేరు చెప్పుదురు. ఎవరి మనసును నొప్పింపరాదను మంచితనముతో అన్ని పేర్లను ఒకే దినమున ఇమిడించుటకు యజమాని యత్నించును. మరునాటి రాత్రి ఇల్లు చేరినప్పుడు ఏమి చూచితిమని ఒకరినొకరు అడిగికొన్నచో కాళ్లనొప్పులు తప్ప వేరు సమాధానము దొరకదు. ఇల్లాలి సంగతి చెప్పనే అక్కరలేదు. తెల్లవారుజామున లేచి వండి, మూటలు గట్టి, దారి పొడవున వడ్డించి, రాత్రి పాత్రలు తోముకొనునప్పటికి ఆమెకు ఆ సెలవు దినము రెండు పనిదినముల పెట్టు అయి యుండును.

ఒక దినమును చక్కగా గడుపుట కూడ ఒక విద్యయే. అన్ని విద్యలవలెనే దానికిని కొంత ఆలోచన కావలెను. హైదరాబాదునకు ఉత్తరమున, నగరమునకు కూతవేటు దూరముననున్న మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతమును ఉదాహరణముగ గైకొని ఆ ఆలోచన ఎట్లుండవలెనో మనవి చేసెదను.

విహారములకు పేరెన్నికగన్న నగరములు మధ్యధరా సముద్రతీరమున అనేకము కలవు. ఏథెన్సు, నేపుల్సు, బార్సిలోనా వంటి నగరములకు ప్రపంచపు నలుమూలల నుండి యాత్రికులు వత్తురు. అచట వేసవి యెండ మిక్కిలి తీవ్రమైనది. కనుక ఆ దేశముల ప్రజలు తమ దినమును ఎండను బట్టి విభజించుకొనిరి. ప్రొద్దుట చల్లని వేళ పనులు చక్కబెట్టుకొని, మధ్యాహ్నము నీడపట్టున తీరికగ భుజించి, కొంత విశ్రమించి, ప్రొద్దువాలిన పిదప మరల బయటికి వత్తురు. ఇటలీ దేశమున సాయంకాలము కుటుంబములు వీధులవెంట మెల్లగ నడచుట ఒక ఆచారము. ఆ పద్ధతిని లెక్కచేయని యాత్రికులు కూడ తుదకు దానికి లోబడవలసి వచ్చినది. 2023 జూలై నెలలో ఎండలు ముదిరినప్పుడు ఏథెన్సునందలి అక్రొపోలిసు కొండను మధ్యాహ్నపు వేళలయందు అధికారులు మూసివేసిరి. రెండువేల నాలుగువందల యేండ్లు దాటిన ఆ కట్టడములను చూచుటకు ఎంత దూరము నుండి వచ్చినవారైనను సూర్యుని అనుమతి లేనిదే చూడజాలకపోయిరి.

మన దక్కను పీఠభూమి యెండ ఆ యెండకు తీసిపోవునది కాదు. కనుక మనకును అదే సూత్రము. చూడవలసిన చోట్ల పట్టికను గాక, సూర్యుని నడకను ముందు పెట్టుకొని దినమును ఏర్పరచుకొనవలెను. అదృష్టవశమున మన ఉదాహరణమునందు ఆ పని సులభము. నగరమునకు ఉత్తరమున తూర్పు నుండి పడమరకు వరుసగ మూడు చోట్లు కలవు. తూర్పున కీసరగుట్ట, నడుమ శామీర్‌పేట చెరువు, పడమట మేడ్చలు. ఉదయము గుట్ట, మధ్యాహ్నము చెరువు, సాయంకాలము ఊరు. సూర్యుడు పోవు దిక్కుననే మన ప్రయాణమును సాగును.

ఈ మూడింటిని నగరపు బాహ్యవలయ రహదారి కలుపుచున్నది. నూటయేబది ఎనిమిది కిలోమీటర్ల ఆ రహదారిపై కీసర, శామీర్‌పేట, మేడ్చలు వద్ద దిగుటకు దారులు కలవు. మోటారు కారు గలవారికి అది అనుకూలము. ప్రధాన రహదారిపై ద్విచక్ర వాహనములకు ప్రవేశము లేదు గనుక స్కూటరుపై పోవువారు ప్రక్కనున్న సర్వీసు రోడ్డును అనుసరింపవలెను. వాహనము లేనివారు మూడు చోట్లను ఒక్క దినమున చూడబూనుకొనరాదు. సికింద్రాబాదు జూబిలీ బస్సు స్టేషను నుండి కరీంనగరు దారిన పోవు బస్సులు శామీర్‌పేట మీదుగా పోవును. మేడ్చలునకు రైలు కలదు. నిజాము రాజ్యకాలమున మన్మాడు వరకు వేసిన మీటరుగేజి దారియే తరువాత బ్రాడుగేజియై, 2023 ఏప్రిల్ నుండి సికింద్రాబాదు–మేడ్చలు నడుమ ఎం.ఎం.టి.ఎస్. బండ్లకు దారి యిచ్చినది. బండ్ల వేళలను ముందుగ విచారించుకొని బయలుదేరుట క్షేమము.

ఇక కీసరగుట్ట. సూర్యోదయమైన గంటలోపల గుట్ట చేరినచో రాళ్లు ఇంకను చల్లగ నుండును. పైన రామలింగేశ్వరస్వామి ఆలయము కలదు. శ్రీరాముడు ఇచట లింగప్రతిష్ఠ చేయదలచి కాశి నుండి లింగమును తెమ్మని హనుమంతుని పంపెననియు, అతడు వచ్చుట ఆలస్యమగుటచే శివుడే ప్రత్యక్షమై లింగము నొసగెననియు, వెనుక వచ్చిన హనుమంతుడు తాను తెచ్చిన లింగములను అలుకతో విసరివేసెననియు స్థలపురాణము. గుట్టమీద ఆరుబయట అక్కడక్కడ కనబడు లింగములను చూపి ఈ కథ చెప్పినచో వినని పిల్లవాడుండడు. హనుమంతుని తండ్రి కేసరి పేరిట కేసరిగిరియైన ఈ గుట్టయే వాడుకలో కీసరగుట్ట యైనదందురు.

పురాణము చెప్పిన పిమ్మట చరిత్రయు చెప్పవలెను. పురావస్తు శాఖవారు ఇచట జరిపిన త్రవ్వకములలో విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడములును, కోటగోడయు బయల్పడినవి. అంతకన్న మనసును తాకునది ఒక బండపై చెక్కిన ఒకే మాట. ‘తొలుచువాండ్రు’ అని దాని భావము. అనగా రాతిని తొలుచు పనివారు. ఇంచుమించు అయిదవ శతాబ్దమునకు చెందినదని పండితులు నిర్ణయించిన ఆ మాట తెలంగాణమున దొరకిన తొలి తెలుగు శాసనములలో ఒకటి. రాజుల బిరుదులు గాక, పనివారి పేరు తెలుగు మాటగ అంత ప్రాచీన కాలమున నిలిచియుండుట ఎంత వింత! ఇట్టి చోట అరగంట కూర్చుండుట నాలుగు గుళ్లు చుట్టివచ్చుటకన్న మేలు. శివరాత్రి జాతరనాడు మాత్రము జనసమ్మర్దము మెండు. గుట్టను చూడదలచినవారు వేరొక దినము నెంచుకొనవలెను.

పదిగంటలు దాటునప్పటికి ఎండ చురుక్కుమనును. అప్పుడు గుట్ట దిగి శామీర్‌పేట దారి పట్టవలెను. ఇచట భోజనపు ఆలోచన వచ్చును. ఈ విషయమున నా సూచన యిది: ఒక వస్తువు ఇంటినుండి, ఒకటి దారిలో, ఒకటి ఋతువు నుండి. ఇంటినుండి తెచ్చునది చల్లారినను రుచి చెడనిది, వడ్డనకు పళ్లెములు కోరనిది కావలెను. అందులకు మన సర్వపిండిని మించినది లేదు. బియ్యపు పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారము, ఉల్లిపాయ, కరివేపాకు కలిపి ముద్దచేసి, నూనె పూసిన సర్వ లోపలి అంచులకు పలుచగ తట్టి, వ్రేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లులలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగను కాల్చుదురు. సర్వలో కాల్చుటచేతనే దానికా పేరు. ముందటి రాత్రియే చేసియుంచుకొన్నచో తెల్లవారుజామున ఇల్లాలు పొయ్యి ముట్టవలసిన పనిలేదు. జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల తొక్కు, ఒక డబ్బాలో పెరుగు తోడుగ నున్నచో పూట గడచును.

దారిలో కొనునది స్వల్పముగ నుండవలెను. నిప్పులపై కాల్చిన మక్క కంకులు, ఒక కప్పు చాయ చాలును. ఇక ఋతువు మనకు తానే వడ్డించును. శరత్కాలమున సీతాఫలములు, వేసవిలో తాటి ముంజలు ఈ దారులందు అమ్మకమునకు వచ్చును. ముంజలు ఎండ ముదరకముందే తినవలెను. లేతదనమే వాని రుచి. తినిన పిమ్మట పాత్రలు కడుగుట, చెత్త మూటగట్టుట పురుషులును పిల్లలును చేయవలెను. ఇల్లాలికి కూడ ఆ దినము సెలవైననే అది కుటుంబపు సెలవగును.

సికింద్రాబాదునకు ఉత్తరమున ఇరువదియైదు కిలోమీటర్ల ప్రాంతమున, కరీంనగరు పోవు రాజీవ్ రహదారి ప్రక్కన శామీర్‌పేట చెరువు కలదు. ఇది నిజాముల కాలమున కట్టిన చెరువు. దక్కనులో పెద్ద నదులు లేనిచోట మన పెద్దలు వాన నీటిని గొలుసుకట్టు చెరువులలో నిలిపి నేలను సాగుచేసిరి. ఒక చెరువు నిండి మత్తడి దూకినచో ఆ నీరు క్రింది చెరువును చేరును. చెరువునకు ప్రాణము కట్ట. కట్ట తెగినచో ఊరు మునుగును, ఆ యేడు పంట పోవును. అందుచేతనే తెలంగాణమున చెరువుకట్టపై మైసమ్మను నిలిపి కాపాడుమని మ్రొక్కుదురు. శామీర్‌పేట కట్ట మైసమ్మ పేరు నగరమంతట తెలిసినదే. ఆదివారములందు కుటుంబములు బోనముతో వచ్చి, మ్రొక్కు తీర్చుకొని, చెట్లక్రింద రాళ్లపొయ్యి పెట్టి వండుకొని, బంధుమిత్రులతో కలసి భుజింతురు. కార్తీకమున ఉసిరి చెట్టుక్రింద వనభోజనము చేయు మర్యాద ఒకటి, ఈ కట్టమీది విందు మరియొకటి. చూచుటకు పోవుట, కూడి తినుట అను రెండును మనవారికి వేరు వేరు కావు.

మధ్యాహ్నము పన్నెండు నుండి మూడు వరకు ఇచట నీడను విడువరాదు. వృద్ధులు ఒరుగుదురు, పిల్లలు నీటి పక్షులను లెక్కింతురు. చేరువనే జవహర్ జింకల వనము కలదు. ఎండ తగ్గిన పిమ్మట పిల్లలను అచటికి తీసికొనిపోవచ్చును. జింకలకు మన తినుబండారములు పెట్టరాదు. మరియొక హెచ్చరిక: నీరు నిలకడగ కనబడినంతమాత్రమున చెరువులో దిగరాదు. అడుగున బురదయు, లోతు గుంటలును కంటికి కానరావు. ఈత వచ్చిన యువకులే ఇట్టి చెరువులలో మునిగిన వార్తలు యేటేట పత్రికలలో చదువుచున్నాము.

నాలుగు గంటలకు మేడ్చలు వైపు సాగవచ్చును. దారిలో పిల్లలకు చెప్పదగిన మాట యొకటి కలదు. శామీర్‌పేట దాపుననే జీనోమ్ వ్యాలీ అను ఔషధ పరిశోధనశాలల ప్రాంతము కలదు. 2021లో దేశమంతట కోట్ల మందికి వేసిన కోవాక్సిన్ టీకా అచటి సంస్థయే తయారుచేసినది. అంతకు పూర్వము 1997లో దేశీయముగ రూపొందిన హెపటైటిస్ బి టీకా మేడ్చలు ప్రాంతపు కర్మాగారముననే పుట్టినది. లోపలికి పోయి చూచు వీలు లేకున్నను, దారివెంట పోవుచు ఈ సంగతి చెప్పుట మంచి పాఠము.

మేడ్చలు అనగానే పాతవారికి గుర్తువచ్చునది ద్రాక్షతోట. మధ్యధరా ప్రజల జీవితములో గోధుమతో, ఆలివుతో సరితూగు ఆ తీగె మన యెర్రనేలలో కూడ పందిళ్ల కెక్కినది. హైదరాబాదున పేరుపడిన రకము అనాబెషాహి. రాచద్రాక్ష యని ఆ పేరునకు అర్థము. పెద్ద గుత్తులు, తేనెరంగు తిరుగు నిడుపాటి పండ్లు. చలిదేశములందు శీతకాలమున తీగె ఆకురాల్చి నిదురించును. ఇచట అంతటి చలి లేదు గనుక రైతు తానే కత్తెరతో ఆ నిదురను కల్పించును. పంట ముగిసిన పిదప ఏప్రిల్‌లో ఒకసారి, కాపుకొరకు అక్టోబరులో ఒకసారి కొమ్మలను కత్తిరించును. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు పండ్లు చేతికి వచ్చును. నగరము పెరిగి నేల ధర తీగె విలువను మించిపోగా అనేక తోటలు ఇండ్ల స్థలములైనవి. మిగిలిన కొన్ని తోటలలో మనమే గుత్తి కోసికొని తూకమునకు వెల యిచ్చు వీలు కలదు. పండ్ల కాలమున పోవువారు ముందుగ విచారించి, ప్రొద్దు వాలువేళ తోటలో నడచి, మరునాటికి ఇంటికి రెండు గుత్తులు తెచ్చుకొనవచ్చును.

ఈ మూడు చోట్లతో దినము నిండినది. శామీర్‌పేట పోవు దారిననే, బొలారమున, తొంబది యెకరముల ఆవరణములో రాష్ట్రపతి నిలయము కలదు. 2023 మార్చి నుండి అది యేడాది పొడవున ప్రజల దర్శనమునకు తెరచియున్నది. దారిలోనే కదా యని దానిని ఈ దినమునకే చేర్చుదమని ఆశ కలుగును. ఆ ఆశను అణచుకొనవలెను. అది తీరికగ మరియొక దినమున చూడదగినది. ఏమి చూడవలెనను ఆలోచనతో పాటు, ఏది విడువవలెనను ఆలోచనయు విహారపు ప్రణాళికలో సగము.

చివరి మాట. ఏథెన్సు కొండను కాపాడుటకు ప్రపంచమంతయు కలదు. మన గుట్టను, మన చెరువును కాపాడుటకు మనము తప్ప వేరెవరు? చూడనివాడు చెరువు కుంచించుకుపోయినను గుర్తింపజాలడు. గుట్టమీది బండ మాయమైనను అడుగజాలడు. ఏటేట ఒకసారి కుటుంబముతో పోయి, కట్టమీద కూర్చుండి నాలుగు మెతుకులు తిని వచ్చిన ఇంటి పిల్లలకు ఆ చెరువు తమదను భావము తానే కలుగును. మనము తెచ్చిన కాగితమును, సీసాను మరల ఇంటికే మోసికొనివచ్చుట వారికి మనము నేర్పు తొలి పాఠము.