గడియారం చెప్పే భాష

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ శుభసమయాన ఒక పొరపాటును గురించి చెప్పదలచాను. అది నాదే. నేను అయిదవ తరగతి చదువుతున్న నాటి మాట. కరీంనగర్ జిల్లా నుండి భివండీకి వలస వచ్చిన మా నాయన సాంచాల మీద పనికి కుదిరారు. మరునాడు ‘పావణే ఆఠ్’కు రమ్మని గుమాస్తా మరాఠీలో చెప్పాడట. ఆ రాత్రి నాయన, “బిడ్డా, బడిల గడియారం నేర్పిన్రు గద! పావణే ఆఠ్ అంటె ఎంత?” అని నన్నడిగారు. నా చెవికి వినబడినవి పావు, ఎనిమిది. “ఎనిమిదింబావు నాయనా!” అని గర్వంగా చెప్పాను. ఆయన సరిగ్గా ఆ వేళకే వెళ్ళారు. అప్పటికే అరగంట ఆలస్యమైంది. ఆయన నడపవలసిన సాంచాలను మరొకరికి అప్పగించారు. నాటి కూలి పోయింది. నాయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం నాకు నేటికీ గుర్తు.

‘పావణే’ అన్నది సంస్కృతంలోని ‘పాదోన’ శబ్దం నుండి వచ్చింది. పాదమనగా నాలుగవ వంతు, ఊనమనగా తక్కువ. కనుక పావణే ఆఠ్ అంటే పావు తక్కువ ఎనిమిది, 7-45. మన ఏడుంబావు వారికి ‘సవ్వా సాత్’. అది ‘సపాద’, పావుతో కూడినది. ఏడున్నర ‘సాడే సాత్’. అది ‘సార్ధ’, సగంతో కూడినది. ఒంటిగంటన్నరకు ‘దీడ్’, రెండున్నరకు ‘అడీచ్’ అని వేరే పేర్లున్నాయి.

వ్రాతలోనూ చిక్కులున్నాయి. 8.30లో నుండి 7.45 తీసివేయమంటే, ఆ చుక్కను దశాంశ బిందువుగా భావించి 0.85 అని వ్రాసే పిల్లలుంటారు. గంటకు నిమిషాలు అరవై గనుక జవాబు 45 నిమిషాలు. రైలు టిక్కెట్టు మీద శనివారం 00.20 అని ఉంటే, శుక్రవారం రాత్రి పండ్రెండు కాకముందే కళ్యాణ్ స్టేషను చేరాలి. మన పెద్దలకు తెల్లవారితేనే మరునాడు. రైల్వేవారికి అర్ధరాత్రితోనే మరునాడు.

ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చినా, దానికి 39 నిమిషాలు వెనుక నడిచే బొంబాయి కాలాన్ని ఆ మహానగరం దశాబ్దాలపాటు విడిచిపెట్టలేదు.

ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. గడియారం పాఠం చెప్పేనాడు తెలుగు మాటల పక్కనే మరాఠీ, హిందీ మాటలను కూడా నల్లబల్లపై వ్రాయండి. విద్యార్థులారా, ఎవరు వేళ చెప్పినా దానిని అంకెలలో తిరిగి చెప్పి, “ఇదేనా?” అని అడగండి. రాత్రివేళ అయితే తేదీని, వారాన్ని కూడా అడగండి. తెలియకపోతే తెలియదనండి, ఆనాడు నేను ఆ మాట అనలేకపోయాను. మీ మాట నమ్మి పనికి బయలుదేరే తండ్రి మీ ఇంటిలోనూ ఉండవచ్చు.