త్రాగునీటిలోని ఫ్లోరైడు: మనుష్యులకును పశువులకును కలుగు హాని
(కర్షకుల కొఱకైన ఉపన్యాసము)



క్రొత్త బావిలో జల పడినప్పుడు రైతు మొదట చూచునది నీటి పరిమాణము, పిదప రుచి. నీరు సమృద్ధిగా నుండి, తేటయై, ఉప్పదనము లేకున్నచో మంచిబావి యని తలంచుట లోకసహజము. అయినను త్రాగుటకు ఈ పరీక్ష చాలదు. కంటికిని, నాలుకకును, ముక్కునకును తెలియని దోషములు నీటియందుండవచ్చును. అట్టివానిలో తెలుగునాటి మెట్టప్రాంతములకు మిక్కిలి హాని చేసినది ఫ్లోరైడు.

ఈ వ్యాధి మనుష్యులయందువలెనే పశువులయందును కానవచ్చును. 1930వ దశకమున నాటి హైదరాబాదు సంస్థానమునందును మద్రాసు రాజధానియందును పశువులలో ఇది గుర్తింపబడెను. 1937లో మద్రాసు రాజధానిలోని మనుష్యుల యెముకలను ఈ వ్యాధి పట్టుచున్నదని వైద్యులు ప్రకటించిరి. 1973లో హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, ఇట్టి నీరు త్రాగు గ్రామములలో మోకాళ్లు లోపలికి వంగి ఒరసికొను వైకల్యమును వర్ణించిరి. నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధితో ముడిపడి దేశమంతట తెలిసినది.

ఫ్లోరైడు సాధారణముగా పైనుండి వచ్చిపడు మలినము కాదు, రాతిలోనే యున్నది. నల్లరాతి పొరలలో నీరు చిరకాలము నిలిచినకొలది అది నీటిలోనికి దిగును. నీటిలో సున్నపు ధాతువు అధికముగా నున్నచో ఫ్లోరైడు దానితో గూడి విడిపోవును. సున్నము తగ్గి సోడా క్షారము హెచ్చినచో కరగియే యుండును. సోడా క్షారముగల నీటిలో పప్పు త్వరగా ఉడుకును. కావున పప్పు ఉడికినదను నెపమున ఆ నీరు ఆరోగ్యకరమని నమ్మరాదు. ఒక బావి నీరు మంచిదైనను, ప్రక్కచేని బోరుబావి నీరు చెడ్డది కావచ్చును.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేఱు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వఱకు ఓర్వవచ్చుననియు భారత ప్రమాణము. అంతకు మించిన నీటిని పండ్లు ఏర్పడు వయసున, అనగా సుమారు ఎనిమిదేండ్లలోపున, త్రాగిన పిల్లలకు గారపండ్లు వచ్చును. ఆ మచ్చలు ఎంత తోమినను పోవు. ఇంకను అధికమైన ఫ్లోరైడును ఏండ్ల తరబడి త్రాగినవారికి మెడయు నడుమును బిగిసికొనును. కీళ్ల నొప్పులు ముదిరి వంగుటయు లేచుటయు కష్టమగును. పశువులకు పండ్లు అరిగి మేత నమలలేవు. ఎముకలపై బుడిపెలు లేచి కుంటును. ముదిరిన వ్యాధిని పూర్తిగా మాన్పు ఔషధము లేదు.

భూమిగల రైతునకు ఇందు ప్రత్యేకమైన బాధ్యత కలదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము వలన తెలంగాణ గ్రామములకు నదీజలములు గొట్టముల ద్వారా అందినవి. కాని పొలమున పనిచేయువారు దప్పి గొన్నప్పుడు దగ్గఱనున్న మోటారు నీటినే త్రాగుదురు. ఎండలో శ్రమించువారు త్రాగునదియు హెచ్చు. లీటరునకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడుగల నీటిని దినమునకు 5 లీటర్లు త్రాగిన కూలివాని దేహములోనికి 20 మిల్లీగ్రాములు చేరును. ఇంట మంచినీరు త్రాగుచు చేనిలో పనివారికి ఇట్టి నీరు పోయుట న్యాయము కాదు.

చేయదగిన పనులు ఇవి:

1. త్రాగుటకు వాడు ప్రతి బావి నీటిని పరీక్ష చేయింపవలెను. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుమార్లు తొలిచి, నింపి, బావి పేరు వ్రాసి, నీటి పరీక్షాశాలకు పంపవలెను.

2. దోషముగల బావియొద్ద త్రాగరాదని అందఱకు తెలియునట్లు గుర్తు పెట్టవలెను. పొలమునకు వచ్చువారికి వేఱుగా మంచినీటిని తెప్పింపవలెను. పశువులకును సాధ్యమైనంత వఱకు చెఱువునీటిని పెట్టవలెను.

3. ఈ నీటిని కాచుటవలన లాభము లేదు. నీరు ఆవిరియై తగ్గును గాని ఫ్లోరైడు తగ్గదు. మిగిలిన నీటిలో మఱింత చిక్కనగును. గుడ్డతో వడకట్టినను పోదు.

4. వేఱు నీరు లేనిచోట, నాగపూరులోని పరిశోధన సంస్థవారు 1970వ దశకమున రూపొందించిన నల్లగొండ పద్ధతి కలదు. నీటిలో సున్నము, బ్లీచింగు పొడి, పటిక తగుపాళ్లలో కలిపి, త్రిప్పి, మడ్డి దిగిన పిదప పైతేటను గ్రహింతురు. ఈ పాళ్లు నీటినిబట్టి మాఱును గనుక పరీక్ష లేక ఊహించి కలుపరాదు. మడ్డిని పశువులు ముట్టని చోట పాతవలెను.

5. ఇండ్లకప్పులపై పడు వాననీటిని శుభ్రముగా నిలువచేసినచో ఫ్లోరైడు బాధ యుండదు. పాలు, రాగులు, ఆకుకూరలు ఆహారమున నుండుట మేలు. కాని అవి మంచినీటికి బదులు కావు.

విత్తనమును చూచి గాని చల్లనివాడు, మట్టిని పరీక్షించి గాని ఎరువు వేయనివాడు, నీటిని మాత్రము పరీక్షింపక బిడ్డలకు పోయుట తగదు. ఒక పంట పోయిన మఱుసటి యేడు పండవచ్చును. వంగిన యెముక మరల తిన్ననగుట దుర్లభము. కావున వచ్చు వేసవి పనులకు ముందే ప్రతి రైతును తన బావినీటిని పరీక్షకు పంపవలెను.