గుండె, ఊపిరితిత్తుల మార్పిడి: కత్తి పట్టని చేతుల సేవ



గుండె మార్పిడి అనగానే మనకు శస్త్రచికిత్స చేసిన డాక్టరుగారి పేరు గుర్తుకు వస్తుంది. పత్రికల్లో వచ్చేదీ ఆ పేరే. అది న్యాయమే. 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్ ప్రపంచంలో మొట్టమొదటిసారిగా ఒక మనిషి గుండెను మరొక మనిషికి అమర్చారు. మన దేశంలో 1994 ఆగస్టు 3న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ పి. వేణుగోపాల్ ఆ పనిని విజయవంతంగా చేసి చూపించారు. ఆయన రాజమండ్రిలో పుట్టిన తెలుగువారు. 2024లో కన్నుమూశారు.

అయితే కేప్‌టౌన్ కథలో మనం గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. అక్కడ కొత్త గుండె పొందిన లూయీ వాష్కాన్‌స్కీ 18 రోజులు మాత్రమే జీవించారు. ఆయన ప్రాణం తీసింది గుండె కాదు, న్యుమోనియా. బయటి అవయవాన్ని శరీరం శత్రువుగా చూస్తుంది. దాన్ని వెళ్ళగొట్టకుండా ఉండటానికి రోగనిరోధక శక్తిని అణచే మందులు ఇస్తారు. ఆ శక్తి తగ్గిన ఒంటిలోకి క్రిములు తేలికగా చొరబడతాయి. అంటే, ఆపరేషను కొన్ని గంటల పని. దాని ముందు, వెనుక జరిగే కాపలా నెలలూ సంవత్సరాలూ సాగే పని. ఆ కాపలా కాసేవారు నర్సులు, ఫిజియోథెరపిస్టులు, యంత్రాలు నడిపే టెక్నీషియన్లు, ఆహార నిపుణులు, ఫార్మసిస్టులు, సామాజిక కార్యకర్తలు. ఈనాటి ప్రసంగంలో వారిని గురించి చెప్పుకుందాం.

ముందుగా, గుండెను ఇచ్చేవారి వైపు నుంచి మొదలుపెడదాం. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఒక వ్యక్తి మెదడు పూర్తిగా, తిరిగి రాని విధంగా పనిచేయడం మానేసిందని అనుకోండి. వెంటిలేటర్ ఊపిరి పోస్తున్నంతసేపు గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. దీన్నే బ్రెయిన్ డెత్ అంటారు. 1994లో వచ్చిన అవయవ మార్పిడి చట్టం దీన్ని మరణంగా గుర్తించింది. నలుగురు డాక్టర్ల బృందం కనీసం 6 గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షలు చేసి నిర్ధారించాలి. అవయవాన్ని అమర్చే డాక్టర్లు ఆ బృందంలో ఉండకూడదు.

కుటుంబం ఒప్పుకున్న తరువాత ఆ మంచం పక్కన నిలబడేది ఐ.సి.యు. నర్సు. మెదడు ఆగిపోతే ఒంటికి అధిపతి లేనట్లే. బి.పి. పడిపోతుంది. ఒళ్ళు చల్లబడుతుంది. కొందరిలో మూత్రం గంటకు అర లీటరు, లీటరు కూడా పోతుంది. నర్సు గంట గంటకూ మూత్రం కొలిచి, సెలైన్ సరిచేసి, దుప్పట్లతో వెచ్చబరచి, గొంతులోని తెమడ తీస్తూ ఉండాలి. నీరు తక్కువైతే గుండె, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరుతుంది. ఊపిరితిత్తులు మరీ సున్నితమైనవి కాబట్టి, ఇతర అవయవాలు పనికి వచ్చిన చోట కూడా అవి పనికి రాకపోవడం తరచుగా జరుగుతుంది. ఎక్కడో మరో ఊళ్ళో ఎదురుచూస్తున్న మనిషి ప్రాణం ఈ నర్సు చేతిలోని కొలతగ్లాసు మీద ఆధారపడి ఉంటుందంటే అతిశయోక్తి కాదు.

ఇక కుటుంబంతో మాట్లాడేవారు ట్రాన్స్‌ప్లాంట్ కో-ఆర్డినేటర్. చట్టానికి 2011లో చేసిన సవరణ ఈ ఉద్యోగానికి చట్టంలోనే చోటు ఇచ్చింది. నర్సింగ్ చదివినవారు, సామాజిక సేవలో పట్టా పొందినవారు చాలామంది ఈ పని చేస్తున్నారు. కొడుకు పోయాడన్న మాట విన్న తల్లిదండ్రుల ఎదుట కూర్చుని, అవయవదానం గురించి అడగడం ఎంత కష్టమైన పనో ఆలోచించండి. ఒత్తిడి పెట్టకూడదు, దాచకూడదు, తొందరపెట్టకూడదు. కాదంటే ఆ మాటను గౌరవించి లేచి రావాలి. అవునంటే, శరీరాన్ని శుభ్రంగా కుట్టి, కడిగి, మర్యాదగా అప్పగించేదాకా వారికి తోడుండాలి. దానానికి ఒప్పుకున్న తరువాత అవయవాలను కాపాడటానికి అయ్యే ఖర్చును దాత కుటుంబం మీద వేయకూడదని నిబంధన ఉంది. ఈ సంగతి మీరూ తెలుసుకొని ఉండండి.

అక్కడినుంచి గడియారంతో పందెం మొదలవుతుంది. దాత శరీరంలోంచి తీసిన గుండెను మంచులో ఉంచి సుమారు 4 గంటల లోపల రెండవ మనిషిలో కొట్టుకునేట్లు చేయాలి. ఊపిరితిత్తులకు సుమారు 6 గంటలు గడువు. అందుకే పోలీసులు రోడ్లు ఖాళీ చేయించి గ్రీన్ కారిడార్ ఏర్పాటు చేస్తారు. ఆ గంటలను లెక్కగట్టి, రెండు ఆపరేషను థియేటర్లను, అంబులెన్సును, విమానాన్ని ఫోను మీద ఒకే తాళంలో నడిపించేవారు కూడా కో-ఆర్డినేటరే.

థియేటరులో పాత గుండె తీసి కొత్తది కుట్టే వేళకు రోగి ఛాతీలో పనిచేసే గుండె ఉండదు. అప్పుడు రక్తాన్ని శుద్ధిచేసి ఒళ్ళంతా తిప్పేది హార్ట్-లంగ్ మెషిన్. దాన్ని నడిపే మనిషిని పెర్‌ఫ్యూజనిస్టు అంటారు. రక్తం గడ్డకట్టకుండా చూడటం, ప్రాణవాయువు చాలినంత కలపడం, రక్తం వేడిని తగ్గించి తిరిగి పెంచడం ఆయన బాధ్యత. ఆ కొద్ది గంటలు రోగికి గుండె, ఊపిరి ఆ పెర్‌ఫ్యూజనిస్టే. అయినా ఆయన పేరు మనలో ఎంతమంది విని ఉంటాం?

ఆపరేషను తరువాత రోగి మళ్ళీ నర్సుల చేతికి వస్తాడు. ఛాతీలో పెట్టిన గొట్టాల్లోంచి ఎంత రక్తం వస్తోందో ఆమె చూస్తూ ఉంటుంది. వస్తున్న రక్తం హఠాత్తుగా ఆగి, అదే సమయంలో బి.పి. పడిపోతే అది శుభసూచకం కాదు. రక్తం లోపలే గడ్డకట్టి గుండెను అదుముతూ ఉండవచ్చు. ఆ మార్పును మొదట పసిగట్టి డాక్టరును పిలిచేది ఆమె. ఆమె చేతులు కడుక్కోవడం కూడా ఇక్కడ వైద్యమే. చూడటానికి వచ్చిన బంధువులను గుమ్మం దగ్గరే ఆపితే కోపం తెచ్చుకోకండి. ఆ గుమ్మం దగ్గర ఆమె ఆపుతున్నది మిమ్మల్ని కాదు, కేప్‌టౌన్‌లో 18వ రోజున వచ్చిన మృత్యువును.

ఫిజియోథెరపిస్టు పని మరొక తీరుది. కొత్త గుండెకు పాత నరాల సంబంధం తెగిపోయి ఉంటుంది. కాబట్టి ఊరికే కూర్చున్నా అది నిమిషానికి 90 నుంచి 110 సార్లు కొట్టుకుంటుంది. మెట్లెక్కితే వెంటనే వేగం పెంచుకోలేదు, దిగి కూర్చుంటే వెంటనే తగ్గించుకోలేదు. అందుకే నడకకు ముందు కొంతసేపు మెల్లగా ఒంటిని సిద్ధం చేసుకోవాలని, ఆగేటప్పుడు క్రమంగా ఆగాలని నేర్పుతారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆ గుండె రక్తనాళాలు పూడుకుపోయినా చాలామందికి నొప్పి తెలియదు. ఆయాసం, కాళ్ళ వాపు, హఠాత్తుగా బరువు పెరగడం వంటి గుర్తులనే నమ్ముకోవాలి. ఊపిరితిత్తులు మార్చినవారికైతే అతుకు కింద తెమడ చేరినా దగ్గు రాదు. పిలవకుండా రాని ఆ దగ్గును రోజూ ప్రయత్నించి దగ్గించేది ఫిజియోథెరపిస్టే. ఇంట్లో ఊదే చిన్న యంత్రాన్ని ఇచ్చి, అంకె రోజూ పుస్తకంలో రాయమంటారు. ఆ అంకె నూటికి 10 వంతులు తగ్గి అక్కడే నిలిచిపోతే, ఒంట్లో బాగానే ఉన్నా, ఆసుపత్రికి కబురు చేయాలి.

మందుల సంగతికి వద్దాం. టాక్రోలిమస్ అనే మందును చాలామందికి 12 గంటల ఎడంతో రెండు పూటలా ఇస్తారు. తక్కువైతే శరీరం కొత్త అవయవం మీద తిరగబడుతుంది. ఎక్కువైతే మూత్రపిండాలు చెడతాయి. అందుకని రక్తంలో దాని మోతాదు చూస్తారు. రక్తం ఇవ్వవలసిన రోజు పొద్దుటి మాత్రను రక్తం తీసిన తరువాతే వేసుకోవాలి. ముందే వేసుకుని వెళితే లెక్క తప్పుతుంది, ఆ లెక్కను నమ్మి మోతాదూ తప్పవచ్చు. ఈ చిన్న మాటను పదిసార్లు చెప్పేది నర్సు, ఫార్మసిస్టు. అలాగే ఆహార నిపుణులు పంపరపనస తినవద్దంటారు. యానాం, గోదావరి ప్రాంతాల పెరళ్ళలో కాసే ఈ పండు టాక్రోలిమస్‌ను రక్తంలో పెంచుతుంది. పెరట్లోదే కదా, మందు వేయనిదే కదా అని తింటే ప్రమాదమే. నాటువైద్యుల పొడులు, కషాయాలు కూడా అడగకుండా తీసుకోరాదు. కాచిన నీళ్ళు, అప్పుడే వండిన అన్నం మంచివి. పేడదిబ్బ తవ్వడం, పాత గడ్డి దులపడం వంటి పనులు ఇంట్లో వేరొకరు చేయాలి. ఆ దుమ్ములోని బూజు ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

సామాజిక కార్యకర్త ఆపరేషనుకు ముందే మీ ఇంటి పరిస్థితి అడుగుతారు. తోడు ఎవరుంటారు, ఆసుపత్రి దగ్గర కొన్ని నెలలు బస ఎక్కడ, నెలనెలా మందులకు డబ్బు ఎలా అని. కొందరికి ఇవి అవమానంగా తోస్తాయి. కాని జీవితాంతం మందు కొనలేని ఇంటికి ముందుగా దారి చూపడానికే ఆ ప్రశ్నలు. ప్రభుత్వ బీమా పథకాల కింద ఏ సాయం వస్తుందో చెప్పి, కాగితాలు సిద్ధం చేయించేది వారే.

ఇక్కడ మన ప్రాంతాల మాట ప్రత్యేకంగా చెప్పాలి. హోసూరులో, బళ్ళారిలో, రాయగడలో, నాందేడులో ఉన్న మనకు ఇంట్లో మాట తెలుగు. బడిలో నేర్చినది తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీనో. వైద్యానికి వెళ్ళేది చెన్నైకో, బెంగుళూరుకో, హైదరాబాదుకో, ముంబైకో. అక్కడి నర్సుది ఇంకో భాష కావచ్చు. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. అర్థం కాకపోయినా తల ఊపి వచ్చేయడం మనలో చాలామందికి అలవాటు. మిగతా జబ్బుల్లో అది ఎలాగో సరిపోతుందేమో గాని, ఇక్కడ సరిపోదు. "సిస్టరమ్మా, మాకు తెలిసేట్టు ఇంకోసారి చెప్పండి" అని అడగండి. తెలుగు వచ్చినవారిని పిలిపించమనండి. మాత్ర రంగు, వేళ మీకు చదవడం వచ్చిన లిపిలో రాయించుకోండి. విన్నది తిరిగి వారికే అప్పచెప్పండి. మంచి నర్సు దానికి విసుక్కోదు, సంతోషిస్తుంది.

ఇంకొక సంగతి. అవయవం కోసం పేరు నమోదుకు స్థానిక నివాసం షరతు పెట్టవద్దని 2023లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకు సూచించింది. అయినా కేటాయింపులో ఆయా రాష్ట్రాల పద్ధతులు వేరువేరుగా ఉన్నాయి. కాబట్టి ఏ రాష్ట్రంలో నమోదు చేయించుకుంటే మేలో ముందుగా ఆసుపత్రి కో-ఆర్డినేటరును అడిగి తెలుసుకోండి.

ప్రపంచ లెక్కల ప్రకారం ఈనాడు గుండె మార్పిడి జరిగిన పెద్దలలో సుమారు సగం మంది 12 ఏళ్ళకు పైగా జీవిస్తున్నారు. ఊపిరితిత్తుల విషయంలో ఆ కాలం 6 ఏళ్ళకు కాస్త పైమాట. 18 రోజుల నుంచి ఇంత దూరం రావడంలో కొత్త మందుల పాత్ర ఉంది, శస్త్రవైద్యుల నేర్పు ఉంది. వాటితో పాటు గంటగంటకూ కొలిచి రాసిన నర్సుల చార్టులూ ఉన్నాయి.

మీ ఇంట్లో ఎవరికైనా ఇటువంటి అవసరం వస్తే, డాక్టరుగారి పేరుతో పాటు కో-ఆర్డినేటరు ఫోను నంబరు కూడా రాసి పెట్టుకోండి. రాత్రివేళ జ్వరం 100.4 డిగ్రీలు తాకితే తెల్లవారేదాకా ఆగకుండా ఆ నంబరుకు ఫోను చేయండి. అలాగే, మనవారు పోయినప్పుడు అవయవదానం చేయాలా వద్దా అన్న మాటను అందరూ క్షేమంగా ఉన్న రోజునే ఇంట్లో కూర్చుని అనుకోండి. అప్పుడు, రేపు ఎవరైనా కో-ఆర్డినేటరు మీ ఎదుట కూర్చుని ఆ ప్రశ్న అడగవలసి వస్తే, పోయినవారి ఇష్టమేమిటో మీకు తెలిసి ఉంటుంది.