కరపరిహారము – కర్తవ్యము



మన యువకులు కొందఱు తండ్రుల పొలములమ్మి, ప్రత్యేక ఆర్థిక మండలములలో చిన్న పరిశ్రమలు స్థాపింప నుద్యుక్తులగుచున్నారు. వారిని బ్రోత్సహించువారు చెప్పు మాట యొక్కటే: "అచ్చట పన్ను లేదు." ఆ మాటలో నెంత నిజమున్నదో విచారించుటకే మేమీ వేదిక నెక్కితిమి.

పన్ను విడిచిపెట్టుట మన దేశమునకు క్రొత్త గాదు. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున దీనిని పరిహారమనెను. క్రొత్తగా చెఱువు త్రవ్వించినవానికి అయిదేండ్లును, శిథిలమైనదానిని బాగుచేసినవానికి నాలుగేండ్లును పరిహారమీయవచ్చునని విధించెను. అయితే కోశమును వృద్ధిపొందించు పరిహారములనే యీయవలెననియు, కోశమునకు హాని చేయువానిని వర్జింపవలెననియు గూడ నాతడే చెప్పెను. సాగుచేయనివాని నుండి భూమిని తీసికొని వేఱొకరి కీయుమనెను. కావున పరిహారము దానము గాదు. అది యొక యొడంబడిక.

నేటి చట్టమును నిట్టిదే. 1965లో కాండ్లాయందు ఎగుమతి మండల మేర్పడెను. మన విశాఖపట్టణమునకు చేరువను దువ్వాడలోను అట్టిది వెలసెను. 2005లో ప్రత్యేక ఆర్థిక మండలముల చట్టము పుట్టి, 2006 ఫిబ్రవరి 10 నుండి పూర్తిగా నమలులోనికి వచ్చెను. ఎగుమతివలన వచ్చు లాభముపై మొదటి 5 ఏండ్లు నూటికి నూఱు, తరువాతి 5 ఏండ్లు నూటికి ఏబది ఆదాయపుపన్ను తగ్గింపు లభించెను. అటుపై 5 ఏండ్లు నూటికి ఏబదికి మించకుండ, లాభమును ప్రత్యేకనిధిలో చేర్చినవారికే తగ్గింపు. ఆ నిధిని మూడేండ్లలో యంత్రసామగ్రికి వినియోగింపనియెడల పన్ను మరల మీదపడును.

ఇంతవఱకు విని సంతసించువారు గడువును గూడ వినవలెను. 2021 మార్చి 31 తరువాత ఉత్పత్తి నారంభించిన సంస్థకు ఈ తగ్గింపు లేదు. 2011లోనే కనీస ప్రత్యామ్నాయపు పన్నునుండి యున్న మినహాయింపు తొలగిపోయెను. 2019లో వచ్చిన నూటికి ఇరువదిరెండు వంతుల పన్ను పద్ధతిని కోరుకొన్న కంపెనీ ఈ తగ్గింపును విడువవలసినదే. కావున క్రొత్తగా ప్రవేశించువారికి ముఖ్యముగా మిగిలినవి, అనుమతి పొందిన కార్యములకై దిగుమతి చేయు సరకుపై సుంకము లేకుండుటయు, దేశములోనుండి కొనునవి సున్న రేటు జీ.ఎస్.టీ. పద్ధతి క్రిందికి వచ్చుటయు.

ఇక కర్తవ్యములు. అనుమతిపత్రము పొందిన యేడాదిలో ఉత్పత్తి మొదలిడవలెను. తగిన కారణమున్న గడువు పెంచుదురు. బాండు వ్రాసి యీయవలెను. అయిదేండ్ల మొత్తముమీద, విదేశములకు పోయిన ద్రవ్యముకంటె వచ్చిన ద్రవ్య మెక్కువగా నుండవలెను. ఏటేట లెక్క సమర్పింపవలెను. తప్పినచో 1992 నాటి విదేశవాణిజ్య చట్టము క్రింద శిక్ష తప్పదు. సరకును దేశములో నమ్మినచో సాధారణముగా దిగుమతి సరకువలెనే సుంకము చెల్లింపవలెను. మండలమును విడిచిపోవునపుడును సుంకముల లెక్క తీర్చియే పోవలెను.

పని చేయువారి మాట మఱువరాదు. ప్రభుత్వము కొన్ని చట్టములనుండి మండలములను మినహాయింపగలదు గాని, కార్మికసంఘములు, సంక్షేమము, భవిష్యనిధి, ప్రసూతి సౌకర్యములు మొదలగు విషయములలో ఆ యధికారము చెల్లదని చట్టమే వ్రాసినది. పన్నులో వచ్చిన రాయితీ కూలిలో చేయు కోతకు అనుమతి గాదు.

భూమి సంగతియు నట్టిదే. 2007 మార్చి 14న నందిగ్రామమున, రసాయనపరిశ్రమల మండలమునకై తమ భూములు పోవునని యెదిరించిన గ్రామస్థులపై పోలీసులు కాల్పులు జరుపగా 14 మంది మరణించిరి. పరిశ్రమ వచ్చునని చెప్పి రైతు నేలను దీసికొని బీడుపెట్టుట కౌటిల్యుని కాలమున దోషమే, నేడును దోషమే.

కావున పెట్టుబడి పెట్టదలచిన చిరంజీవులకు మా మనవి యిది. మొదట బాండు చదువుడు. రాయితీ పట్టికను తరువాత చదువుడు. పన్ను పూర్తిగా చెల్లించినను నిలువగల వ్యాపారమా యని లెక్క వేసికొనుడు. నిలువగలదనిన ముందునకు నడువుడు. రాయితీ యున్ననే నిలుచుననిన తండ్రి పొలమును ముట్టకుడు.

స్వస్తి.