ఆగడం కూడా ప్రాక్టీసే

పిల్లలూ, ఇందాకటి నుంచి థింసా ఆడి అలిసిపోయారు. అందుకే ఎక్కువసేపు మాట్లాడను. ఆటలు ఆడేవాళ్లకు, పోలీసు ఉద్యోగాలకు పరుగులు తీసేవాళ్లకు ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను.

మా హాస్టల్లో ఉండి డిగ్రీ చదివిన ఒక అమ్మాయి కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసయింది. ఇక మిగిలింది ఈవెంట్స్. 1600 మీటర్ల పరుగంటే భయపడి, తెల్లారకముందే లేచి ఘాట్ రోడ్డు మీద పరుగెత్తేది. సాయంత్రం మళ్లీ పరుగే. ఆదివారం కూడా ఆగలేదు. నేను మిగతా పిల్లలకు ఆమెను చూపించి, 'అలా ఉండాలి పట్టుదల' అనేదాన్ని.

మూడో వారంలో నా దగ్గరికి వచ్చి, 'మేడమ్, మోకాలి కింద ముందరి ఎముక నొప్పిగా ఉంది' అంది. 'ఇంకో నెలే కదమ్మా, ఓర్చుకో' అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది.

తైలం రాసుకుంది, గుడ్డ కట్టుకుంది, పరుగెత్తింది. నాలుగు రోజులు ఆగితే నొప్పి తగ్గింది. తగ్గింది కదా అని మళ్లీ మొదటిరోజే పాత దూరం పరుగెత్తింది. మళ్లీ నొప్పి. ఇలా మూడుసార్లు జరిగింది. చివరికి రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎముకలో సన్నటి చీలిక వచ్చింది, స్ట్రెస్ ఫ్రాక్చర్ అన్నారు. ఎనిమిది వారాలు పరుగు మానెయ్యాలన్నారు. తోటివాళ్లు ఈవెంట్స్‌కు వెళ్లిన రోజు ఆమె హాస్టల్ వరండాలో కూర్చుని ఉంది.

ఎందుకిలా అయింది? పరుగెత్తినప్పుడల్లా ఎముకలో కంటికి కనబడనంత చిన్న దెబ్బలు తగులుతాయి. విశ్రాంతిలో ఒళ్లు వాటిని బాగుచేసుకుని, ఎముకను ముందుకంటే గట్టిగా చేస్తుంది. ఆ బాగుచేసే వ్యవధి ఇవ్వకపోతే దెబ్బ మీద దెబ్బ చేరి చీలిక అవుతుంది. ఇంకో సంగతి. ఊపిరి, కండలు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకలకు నెలలు కావాలి. 'నాకు ఆయాసం రావడం లేదు, ఇంకా పరుగెత్తగలను' అనిపిస్తుంది కానీ ఎముక అప్పటికి సిద్ధంగా ఉండదు. తారు రోడ్డు మీద దిగుడు పరుగైతే ఆ భారం ఇంకా ఎక్కువ.

మన తాతలు పోడు కొట్టి రెండు మూడేళ్లు పండించాక ఆ కొండను బీడుగా వదిలేసేవారు. నేల మళ్లీ బలం పుంజుకోవాలని వాళ్లకు తెలుసు. మన ఒంటి విషయంలోనే మనం ఆ మాట మరిచిపోయాం. 'మనం కొండవాళ్లం, గట్టివాళ్లం' అన్న గర్వం మంచిదే. ఆ గర్వంతో నొప్పిని దాచుకుంటేనే చిక్కు.

కబడ్డీ, వాలీబాల్ ఆడేవాళ్లకు చీలమండ బెణకడం మామూలు. ఒకసారి బెణికిన కాలే మళ్లీ మళ్లీ బెణుకుతుంది. వాపు పోగానే ఆటలోకి దిగడమే దానికి ముఖ్య కారణం. బెణికిన మొదటి రెండు రోజులు వేడి కాపడం పెట్టకండి, లాగించకండి, గట్టిగా మర్దన చేయించకండి. పావుగంట సేపు ఐసు గుడ్డలో చుట్టి పెట్టండి. ఐసు దొరక్కపోతే చల్లటి కుండనీళ్లలో తడిపిన గుడ్డ చాలు. కాలు దిండు మీద ఎత్తి పెట్టండి. నాలుగు అడుగులు కూడా వెయ్యలేకపోయినా, ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి.

తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలి? అరగంట వేగంగా నడిచినా నొప్పి రాకూడదు. దెబ్బ తగిలిన కాలి మీద పదిసార్లు గెంతినా నొప్పి రాకూడదు. అప్పుడు కూడా రోజు విడిచి రోజే. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. ముందు దూరం పెంచండి, వేగం తర్వాత. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడడం అలవాటు చేసుకోండి. చీలమండకు అదే మంచి మందు. ఇక చీలిక వచ్చినవాళ్లు మాత్రం డాక్టరు చెప్పేదాకా పరుగు జోలికి పోవద్దు.

అతిగా చేస్తున్నామని ఒళ్లే చెబుతుంది. రోజూ లేవగానే నిమిషం పాటు నాడి లెక్కపెట్టి రాసుకోండి. మామూలు కంటే ఎనిమిది, పది ఎక్కువగా వరసగా కొన్ని రోజులు ఉన్నా, నిద్ర పట్టకపోయినా, ఊరికే కోపం వస్తున్నా, ఎంత పరుగెత్తినా టైమింగ్ పడిపోతున్నా రెండు రోజులు ఆగండి.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. నెలసరి ఆగిపోతే 'పీడా పోయింది' అనుకోవద్దు. తినే తిండి చేసే కష్టానికి చాలడం లేదని దానర్థం కావచ్చు. అలాంటప్పుడు ఎముకలు పలచబడతాయి. సిగ్గుపడకుండా నర్సమ్మకు చెప్పండి. ఉత్త టీ తాగి పరుగుకు వెళ్లకండి. చోడి అంబలి, గుడ్డు, పప్పు మానకండి. మన ఆదివాసుల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. 2023 జూలై 1న కేంద్రం దీని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలుపెట్టింది. రక్తపరీక్ష చేయించుకోండి. ఆ జబ్బు ఉన్నవాళ్లకు నీళ్లు తాగకుండా విపరీతంగా శ్రమ పడితే ఒళ్లంతా నొప్పులు తిరగబెడతాయి. ఎంతవరకు ఆడొచ్చో డాక్టరునే అడగాలి.

మీరాబాయి చాను మీకు తెలుసు. మణిపూర్ పల్లెలో కట్టెల మోపులు మోసిన పిల్ల. 2018లో నడుము నొప్పితో ఆసియా క్రీడలకే వెళ్లలేదు. అంత పెద్ద పోటీ వదులుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. 2021లో టోక్యోలో 202 కిలోలు ఎత్తి వెండి పతకం తెచ్చింది.

మా అమ్మాయి ఇప్పుడు వారానికి నాలుగు రోజులు, మట్టి మైదానంలో పరుగెత్తుతోంది. నొప్పి లేదు. వచ్చే నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తోంది. ఈలోగా వయసు దాటిపోతుందేమోనని ఆమెకు బెంగ, నాకూ బెంగ.

చివరిగా తల్లిదండ్రులకు, పీఈటీలకు, నాలాంటి వార్డెన్లకు ఒక మనవి. పిల్ల వచ్చి నొప్పి అంటే 'ఓర్చుకో' అనకండి. 'ఎక్కడ? ఎన్నాళ్ల నుంచి?' అని అడగండి. ఆ రోజు నేను అడగలేకపోయిన ప్రశ్నలు అవే.

సెలవు. జై ఆదివాసీ.