కొలత వేసేది పై ఊరివాళ్లే

నాగర్‌కర్నూల్ జిల్లా మన్ననూర్‌లో చెంచుల కోసం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉంది. అక్కడి నల్లమలలోనివి సహా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పంచాయతీ ఖర్చుకు గ్రామసభ ధ్రువీకరణ ఉండాలన్నది 1996 నాటి పెసా చట్టం. ఖర్చును జనం ముందే సరిచూసే సామాజిక తనిఖీ ఉపాధి హామీ చట్టంతో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీనే పెట్టింది. తనిఖీ బృందం మస్టరును జాబ్ కార్డుతో సరిచూస్తుంది, తవ్విన కందకాన్ని టేపుతో కొలుస్తుంది, డబ్బు చేతికందిందా అని కూలీల ఇళ్లకెళ్లి అడుగుతుంది. తేలిన తేడాలను మండల ప్రజావేదికలో చదివి వినిపిస్తారు.

అసలు కీలకం ఈ తనిఖీలపై వచ్చిన 2011 నియమాల్లో ఉంది: తనిఖీకి వచ్చేవారు ఆ పంచాయతీ నివాసులు కాకూడదు. బావమరిది చేయించిన పనికి బావ కొలత వేస్తే లెక్క ఎటు మొగ్గుతుందో ఊళ్లో ఎవరికైనా తెలుసు.

ఈ పనుల్లో ఎవరైనా లంచం అడిగితే అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నంబరు 1064. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతాన ఇచ్చినవారు 7 రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే మినహాయింపు ఉంది.